జిడ్డు కాగితం

నుదుటి మీద అద్దిన టిష్యూ కాగితాన్ని వెలుతురుకేసి ఎత్తి చూసి ఆమె నీరుగారిపోయింది. కాగితం నిండా జిడ్డు. అవతలి గోడ కనిపించేంత జిడ్డు.

ముక్కు మీద ఇంకోటి అద్దింది. జిడ్డే. రెండు బుగ్గల మీదా చెరొకటి అద్దింది. అదే వరస.

"ఏమైంది?" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న మొగుడు.

"మళ్లీ అదేనండీ! ఇంట్లో వరసగా నాలుగు ఆదివారాలు చూశాను. అద్దిన కాగితం అద్దినట్టే పొడిగా వచ్చింది. ఇక్కడికొచ్చేసరికి దీనికేం మాయరోగం?"

"నా మొహమే అంత. పరీక్షంటే చిన్నప్పట్నుంచీ భయం దానికి," అన్నాడాయన నవ్వించబోతూ. ఆమెకు నవ్వు రాలేదు.

అది బ్యూటీషియన్ శిక్షణ కేంద్రంలో ఆఖరి పరీక్ష. ఎవరి మోడల్‌ని వాళ్లే తెచ్చుకోవాలి. మోడల్ ముఖం కడిగి, తీసుకెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చోబెడతారు. గంటసేపు ముఖానికి ఏదీ రాయకూడదు, చెయ్యి కూడా తగలకూడదు. ఆ గంటా అభ్యర్థులు లోపల రాతపరీక్ష రాస్తారు. ఆ తర్వాత కాగితం అద్ది, అది జిడ్డు చర్మమో, పొడి చర్మమో, రెండూ కలిసినదో తేల్చి, దానికి తగ్గట్టు సంరక్షణ చేసి చూపించాలి. మిగతావాళ్లంతా చెల్లెళ్లనో పిన్నులనో తెచ్చుకున్నారు. ఈమె ఒక్కతే మొగుణ్ణి తెచ్చుకుంది. అదీ మూడోసారి.

"ఇలాంటి మొగుడు దీపం పెట్టి వెతికినా దొరకడక్కా," అంది పక్క కుర్చీ దగ్గరి అమ్మాయి. "మా ఆయన్ని అడిగితే రెండ్రోజులు ఇంటి ఛాయలకి రాలేదు."

నిజమే మరి. పోయిన రెండుసార్లూ ఆమె కాగితాన్ని నమ్మి జిడ్డు చర్మమని రాసింది. ఘాటైన ఫేస్‌వాష్‌తో రుద్ది, మట్టి ప్యాక్ పట్టించింది. పాపం, ఆ ముఖం ఎర్రగా కమిలి వారం రోజులు పొట్టు లేచింది. ఫెయిలైనందుకు ఆయన ఒక్క మాట అనలేదు సరికదా, "పోనీలే, నీకు ఉద్యోగం లేకపోతే ఏం, నేను లేనా?" అని ఓదార్చాడు కూడా.

నాలుగోసారి రాయనివ్వరు. వీధి చివరి పార్లర్ యజమానురాలు సాయంత్రం దాకా చూస్తానంది. సర్టిఫికెట్ చూపిస్తే ఖాళీ కుర్చీ ఈమెది, లేకపోతే ఇంకొకరిది. ఆ కుర్చీ కూడా పోతే ఇక ఈ జన్మకి ఆ నాలుగు గోడలే గతి.

"ఇంకా ఇరవై నిమిషాలే," అంది పరీక్ష చేసే మేడమ్.

ఆమె కాగితాన్ని మళ్లీ ఎత్తి చూసింది. చెమటేమో అనుకుంది. చెమటైతే కాగితం ఈపాటికి ఆరాలి. ఇది ఆరడం లేదు.

"కాగితం ఏం చెబితే అదే రాసెయ్," అన్నాడు మొగుడు మెల్లగా. "సొంత తెలివితేటలు ఎందుకు? తప్పయితే అది కాగితం తప్పు."

"తప్పయితే పోయేది నా బతుకు కదండీ!"

కళ్లలో నీళ్లు తిరిగి ఆ ముఖమే మసకమసగ్గా కనిపించింది. పన్నెండేళ్లుగా చూస్తున్న ముఖం. గడ్డం గీసుకోగానే బుగ్గలు బిగుసుకుపోతున్నాయని గోలపెట్టే ముఖం. చలిగాలి తగిలితే చాలు, ముక్కు పక్కన పొట్టు రాలే ముఖం. ఇది జిడ్డు చర్మమైతే, ఇన్నాళ్లూ తను ఎవరితో కాపురం చేసినట్టు?

పళ్లు బిగబట్టి 'పొడి చర్మం' అని రాసేసింది.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నావ్?" మొగుడు లేవబోయాడు. "కాగితం కళ్లముందు పెట్టుకుని..."

"కదలకండి!"

పాలలాంటి క్లెన్సర్ రాసి దూదితో తుడిచింది. గోరువెచ్చటి నీళ్లతో కడిగింది. సబ్బు జోలికి పోలేదు. తువ్వాలుతో రుద్దకుండా మెత్తగా అద్దింది. అంతలో మేడమ్ భూతద్దం పట్టుకుని రానే వచ్చింది.

మేడమ్ ఆయన బుగ్గ నొక్కి చూసింది. ముక్కు పక్కన భూతద్దం పెట్టింది. బల్ల మీది కాగితాలు తీసి చూసి కనుబొమలు ఎగరేసింది.

"కాగితాల నిండా జిడ్డుంది. నువ్వేమో పొడి చర్మం అని రాశావ్. ఎందుకు?"

"కాగితం ఇవాళ్టి ముఖాన్నే చూసింది మేడమ్. నేను పన్నెండేళ్లుగా చూస్తున్నాను."

"క్రీము ఎప్పుడు రాస్తావ్?"

"ఇప్పుడే మేడమ్. తడి పూర్తిగా ఆరకముందే."

"రాయి మరి." ఆమె రాస్తుంటే మేడమ్ కాసేపు చూసింది. చేతిలోని జాబితాలో టిక్కు పెట్టింది. "పాస్. ఈ ధైర్యం పోయినసారే చేసుంటే ఈపాటికి ఏదో ఒక పార్లర్‌లో నీ కుర్చీ నీకు ఉండేది కదమ్మా."

పక్కమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆమె ఒక్కసారిగా భోరుమంది. ఇన్నాళ్లు అణచుకున్న ఏడుపు కట్టలు తెంచుకుంది. "మీవల్లేనండీ! మీరు ఓపిగ్గా కూర్చోబట్టే!" అంటూ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆయన కాస్త ఆలస్యంగా నవ్వాడు.

కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. చేతులకేమో క్రీము. తుడుచుకోవడానికి ఏదీ దొరక్క, మొగుడి చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న రుమాలును రెండు వేళ్లతో లాగింది.

"ఆగు! అది వద్దు!" అంటూ ఆయన గబుక్కున చెయ్యి అడ్డుపెట్టాడు.

అప్పటికే మడత విడిపోయింది. రుమాలు నడిమధ్యన, అరచెయ్యంత మేర, వంటనూనె.