కూసే కడియం

పంచితే పెరిగేది విద్య అంటారు కదా, మరి సర్కారు పంచిన విద్య ఎందుకు పెరగడం లేదన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది.

మా వైదేహి ప్రభుత్వ ఖర్చుతో యంత్రాల పని చదివింది. అప్రెంటిస్ సీటు వచ్చేదాకా ఆ చదువును బయట వాడితే స్కాలర్‌షిప్పూ, సీటూ రద్దవుతాయని దాని చేతికి కనిపెట్టి కూసే కడియం తొడిగారు. మూడేళ్లయినా సీటు రాలేదు.

నిన్న నా పూజ ముగిసేసరికి పక్కింటి ఖాజాబీ ఆగిపోయిన కుట్టుమిషన్ మోసుకొచ్చింది. అదే ఆమె బతుకుతెరువు. వైదేహి మూత తీయగానే కడియం కూసింది.

"వద్దమ్మా, నీ సీటు పోద్ది," అంది ఖాజాబీ.

"నువ్వు చెప్పవే, నేను బిగిస్తా," అన్నాను కూతురితో.

"చెప్పినా కూస్తుందమ్మా. నేర్పడం కూడా నేరమేనంట!"

నాకు ఒళ్లు మండిపోయింది. చదువుల తల్లికి తాళం వేయడానికి వీళ్లెవరు?

"మూడేళ్లుగా రాని సీటేగా పోయేది," అంటూ వైదేహి స్క్రూడ్రైవర్ అందుకుంది.

మిషన్ తిరిగింది. అన్నీ రద్దయ్యాయని కడియం ప్రకటించింది.

"నా మూలాన పోయిందే!" అని ఖాజాబీ ఏడ్చింది.

"ఊరుకో అక్కా. పెళ్లయిన కొత్తలో నాకు ఊరికే కుట్టు నేర్పావు. గురుదక్షిణ ఇన్నాళ్లకు ముట్టింది," అన్నాను.