తూర్పుకు పొంగిన పాలు

మేస్త్రీ అక్కర్లేదని భూపతి వంటింట్లో గ్రానైటు బండ తానే పరిచాడు. వెంట్రుకవాసి వాలిందని రెండుసార్లు పీకేశాడు. అన్నాళ్లూ అతని తల్లి రంగమ్మ పెరట్లో రేకు కింద కట్టెలపొయ్యి ఊదుతూనే ఉంది.

చివరికి రసమట్టంలో బుడగ సరిగ్గా నడుమ నిలిచింది. మంచిరోజు చూసి రంగమ్మ బండ మీద గ్యాసు పొయ్యి పెట్టి, పాలు పొంగించింది. పాలు పొంగి తూర్పు వైపు జారాయి.

"తూర్పుకే పోయినాయి. ఇంక ఇల్లు చల్లగా ఉంటాది," అని ఆమె దండం పెట్టుకుంది.

భూపతి ముఖం మాత్రం వాడిపోయింది. "అట్లంటే బండ తూర్పుకు వాలిందిమా," అంటూ సుత్తి, ఉలి తీశాడు.

రంగమ్మ నిదానంగా పొయ్యి ఆర్పింది. గిన్నె దించి, పొయ్యిని కొంచెం ఎత్తి, పడమటి కాళ్ల కింద నుంచి మడత పెట్టిన అట్టముక్క లాగి కొడుకు చేతిలో పెట్టింది.

"పొద్దున నేనే పెట్టినాను. నువ్వు మట్టం చూసిన బండ మీద ఆ సామి కూడా పాలను ఒక పక్కకు పంపించలేడు."