గోడవతలి పీడ

తలుపు తట్టిందెవరా అని డ్రమ్మర్ విసుగ్గా తీశాడు.

ఎదురుగా పక్కగది ముసలాయన. చెవుల్లో దూది, ఒక చెయ్యి గోడకి ఆనించి నిలబడ్డాడు.

ఆయన నోరు తెరిచేలోపే డ్రమ్మర్ అందుకున్నాడు.

"ఆరింటిదాకా వాయించుకోమని మేనేజరుగారే ఒప్పుకున్నారండీ. ఏమన్నా ఉంటే ఆయనతో చెప్పుకోండి."

తలుపు ఆయన మొహం మీదే పడింది.

ఏం చెప్పబోయాడో ఎవరూ అడగలేదు. ఏముంటుంది, అందరూ అనేదే కదా. ఇదీ ఒక సంగీతమేనా అంటాడు.

వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. హెవీ మెటల్ బ్యాండుకి గది ఇచ్చేదెవరు? పన్నెండేళ్లలో ఆరు గదుల్లోంచి గెంటించుకున్నారు. ఇది ఏడోది.

ముగ్గురూ నలభైకి దగ్గరపడ్డవాళ్లే. పాడేవాడు బడిలో లెక్కల మాస్టారు. గిటారువాడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. డ్రమ్మర్ ఊరంతా తిరిగి పార్శిళ్లు ఇస్తాడు. వారమంతా అరిగిపోయి, శని ఆదివారాలు వచ్చి ఇక్కడ అరుచుకుంటారు.

గదిలో దిగిన రోజే డ్రమ్మర్ చెప్పేశాడు.

"ఇది కూడా పోతే ఇక నావల్ల కాదురా. డ్రమ్ములు అటకెక్కించి మా ఆవిడ చెప్పినట్టు పడుంటాను."

మిగతా ఇద్దరూ కాదనలేదు. వాళ్లకి మాత్రం ఓపిక ఎక్కడుంది?

మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే. పై అంతస్తులో కాల్ సెంటర్ వాళ్లు సాయంత్రం ఆరింటికి డ్యూటీ ఎక్కుతారు. ఆరు దాటాక చప్పుడైతే గది ఖాళీ చెయ్యాలి.

తలుపు వేసిన మర్నాటి నుంచి మొదలైంది. గోడ మీద మూడు దెబ్బలు, అదీ పాట మంచి పాకాన పడ్డప్పుడే.

ఇక చేతులాడేవి కావు. ముసలాయన్ని తిట్టుకుంటూ తీగలు చుట్టబెట్టి, డ్రమ్ములకి దుప్పటి కప్పి బయటపడేవాళ్లు.

ఇలా ఇరవై నెలలు.

ఆ మంటలోంచే పాట పుట్టింది. పేరు 'గోడవతలి పీడ'. మొదట డ్రమ్ము మీద మూడు దెబ్బలు. తర్వాత మాస్టారు గొంతు చించుకుని శాపనార్థాలు. నీకు కునుకు పట్టకూడదు, నీ చెయ్యి పడిపోవాలి అని.

వాళ్లు కట్టిన పాటలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. సింగిల్‌గా ఒక్క పాటే వదిలితే జనం ఎగబడి విన్నారు. పక్కింటివాడి మీద కడుపుమంట లేని మనిషెవడు?

రేడియోలో ఒకమ్మాయి ఈ పాటకి నేపథ్యం ఏమిటని అడిగింది.

"నేపథ్యమా? ఓ ముసలాయనండీ," అన్నాడు మాస్టారు. "మేం నాలుగు నిమిషాలు సంతోషంగా ఉంటే ఆయనకి తిన్నది అరగదు."

ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. నెలాఖరుకి పెద్ద వేదిక మీద వాయించమని పిలుపు కూడా వచ్చింది. పన్నెండేళ్లకి మొదటి పిలుపు. ఇక సాధన చేసుకోవడమే మిగిలింది.

ఆ శనివారం గోడ పలకలేదు.

ముందు గిటారువాడు గమనించి కళ్లెగరేశాడు. మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. అయినా పలకలేదు. పీడ విరగడైందిరా అనుకుని, ఆ గదిలో తొలిసారి తనివితీరా వాయించారు.

చెమటలు కక్కుతూ తలుపు తీసేసరికి మేనేజరు నిలబడి ఉన్నాడు. ఏడు కావస్తోంది.

మాస్టారు బతిమాలాడు. లోపల కిటికీ లేదని, స్పీకర్లు బుర్రుమంటాయని ఫోన్లు బయటే పెడతామని, గోడ గడియారం డ్రమ్ముల అదురుకి ఎప్పుడో పడి పగిలిందని చెప్పుకున్నాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఇరవై నెలల్లో ఒక్కసారీ ఆరు దాటలేదని పైవాళ్లకి నచ్చజెప్పి చూశాడట. వాళ్లు ససేమిరా అన్నారు. రేపు మధ్యాహ్నానికి ఖాళీ చెయ్యమన్నాడు.

మర్నాడు ముగ్గురూ సామాను దించారు. డ్రమ్మర్ పెద్ద డ్రమ్ముని అటకకే సరిపోయేలా గట్టిగా కట్టాడు.

పక్కగది తలుపు తీసి ఉంది. లోపల ఒక పెద్దావిడ దుప్పట్లు మడతపెడుతోంది.

మాస్టారికి కడుపులో ఉన్నది కక్కకపోతే వెళ్లబుద్ధి కాలేదు.

"మేం పోతున్నామని ఆయనకి చెప్పండమ్మా. ఇక హాయిగా పడుకోమనండి."

ఆవిడ మడతపెట్టడం ఆపింది.

"నిన్న పొద్దున్నే ఆస్పత్రిలో పోయాడు బాబూ, మా అన్నయ్య."

ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు.

ఆవిడ వాళ్ల చేతుల్లోని సామాను చూసింది. "పాటవాళ్లు మీరేనా? రేడియోలో విన్నాడు. నా మీదే కట్టారే అని నవ్వుకున్నాడు. మీ సంగీతం నచ్చి కాదు లెండి, అది వింటే ఆయనకి ఒకటే తలనొప్పి."

"తలనొప్పయితే మేనేజరుకి చెప్పొచ్చుగా," అన్నాడు డ్రమ్మర్. "గోడ ఎందుకు కొట్టడం?"

"ఈ గదీ పోతే చాలించుకుంటామని మీరు అనుకోవడం విన్నాడట. మొదట్లో ఓసారి చెబుదామని వస్తే మీకు తీరిక లేకపోయిందట."

ఆవిడ కళ్లు ఒత్తుకుని మళ్లీ దుప్పటి అందుకుంది.

"అందుకే, మీరొచ్చిన ప్రతిరోజూ ఆరుకి పది నిమిషాల ముందు అలారం పెట్టుకుని, లేవలేకపోయినా లేచి గోడ కొట్టేవాడు, మీకు ఆరు దాటకూడదని."