కోటు లేని మాట

"టీచరమ్మా, ఒక కోటు దొరుకుతుందా?"

మొసిడి తలెత్తి చూసింది. బడి గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. చెప్పుల నిండా ఎర్ర దుమ్ము, భుజాన గుడ్డసంచి.

"ఈ ఎండలో కోటెందుకు తాతా?"

"ఖోట్లాలో ఓ మాట చెప్పాలి. కోటు లేకపోతే నోరు తెరవనివ్వరుగా!"

ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఖోట్లా అంటే ఊరి సభ. అక్కడికి ఆడవాళ్లయితే తలగుడ్డ, శాలువా. మగవాళ్లయితే కోటు. ఖోట్లాలో పలికిన మాటలన్నీ అందమైనవే అని పెద్దలంటారు. ఆ అందమంతా కోటు తొడుక్కున్న మాటలకే అని మాత్రం చెప్పరు.

"నీ కోటేమైంది?"

"వేసుకోవడం మానేసి చాలా ఏళ్లయింది తల్లీ. ఇప్పుడంతా ఆవులతోనే కాపురం."

"ఇంతకీ ఏం చెబుతావు?"

"మీ బొమ్మల క్లాసు గురించే. తీసేస్తారట కదా, రేడియోలో సభ సంగతి విన్నాను. తీసేయొద్దని చెబుతాను."

మొసిడికి పాత సంగతి గుర్తొచ్చింది.

పోయిన నెల సభలో కూడా ఒకడు ఆమె తరఫున లేచాడు. జొన్నబీరు దట్టంగా పట్టించి, "పిల్లలకు బొమ్మలుండాలి, నాకు బీరుండాలి" అన్నాడు. సభంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో ఆమె చెప్పిన నాలుగు మాటలూ కొట్టుకుపోయాయి.

ఈ సంగతి మీద ఇవాళ్టిది ఆఖరి సభ. హెడ్‌మాస్టరు సెరుమోలా వచ్చే ఏడు నుంచి బొమ్మలూ నాటకాలూ ఎత్తేసి, ఆ గదిని లెక్కలకు ఇవ్వాలంటున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆమె నడుపుతున్న క్లాసు అది. కెలెబోన్యే అనే పిల్ల మేకలు కాయడానికి వారంలో మూడు రోజులు బడి ఎగ్గొడుతుంది. గురువారం మాత్రం మానదు. గురువారం బొమ్మల క్లాసు. అది పోతే ఆ పిల్లా పోతుంది.

నాటకాల పెట్టెలో గోధుమరంగు కోటు ఒకటుంది. ముసలాయనకు సరిగ్గా సరిపోతుంది.

"లేదు తాతా," అంది మొసిడి.

"పోనీలే," అని నవ్వి ఆయన సభ దారి పట్టాడు.

సభలో సెరుమోలా ఒక కాగితం పైకెత్తి చూపించాడు.

"ఇది నా సొంత కవిత్వం కాదు. ఫలితాలు తక్కువొచ్చే బళ్లలో బొమ్మలూ నాటకాలూ తీసేసి ఆ గంటలు లెక్కలకు ఇవ్వొచ్చని ఇరవై ఏళ్ల కిందటే పై ఆఫీసువాళ్లు రాశారు. వాళ్లకన్నా మనకెక్కువ తెలుసా?"

మొసిడి లేచి కెలెబోన్యే సంగతి చెప్పింది.

"ఒక్క పిల్ల కోసం బడంతా చదువు మానుకోవాలా?" అన్నాడు సెరుమోలా.

"బొమ్మలో ఆవు పాలిస్తుందా టీచరమ్మా?" అని ఎవరో అరిచారు.

నవ్వులు ఆగాక ఊరిపెద్ద అడిగాడు. "ఆమె మాట విన్నాం. ఈ కాగితానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"ఓ పెద్దాయనా, కోటేదీ? ఇదేమన్నా పశువుల దొడ్డనుకున్నావా?" అని కసిరాడు బంట్రోతు.

ముక్కూ మొహం తెలియనివాడికి ఒంటిమీది కోటు విప్పి ఇచ్చేదెవరు? అందరూ పక్కవాడి వంక చూశారు. ముసలాయన మొసిడి వంక చూశాడు.

ఆమె శాలువా సర్దుకుని నేలచూపులు చూసింది. నాటకాల పెట్టె అక్కడికి రెండొందల అడుగుల దూరం. పరుగెత్తితే తెచ్చేయొచ్చు. మళ్లీ నవ్వులపాలు కావడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"వచ్చేసారి పద్ధతిగా రా," అన్నాడు ఊరిపెద్ద.

తర్వాత అట్టే సేపు పట్టలేదు. వచ్చే ఏడు నుంచి బొమ్మల క్లాసు ఉండదు. ఊరిపెద్ద నోట ఆ మాట వచ్చేసింది. ఇక దానికి తిరుగులేదు.

సభ చెదిరాక మొసిడి చెంబుతో నీళ్లు పట్టుకుని బస్సు ఆగే చోటికి వెళ్లింది. ముసలాయన ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"తాతా, నా దగ్గర కోటుంది. అబద్ధం చెప్పాను."

"తెలుసులే. నాటకాలాడించే చోట కోటు లేకుండా ఉంటుందా?"

ఆమెకు సిగ్గేసింది. "మరి గట్టిగా అడగలేదేం?"

"అడిగి తీసుకోవాలి గానీ లాక్కోకూడదుగా." ఆయన నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "మీది పదకొండో ఊరు. మిగతా అన్నిచోట్లా ఎవరో ఒకరు కోటిచ్చారు. ఏడు ఊళ్లలో క్లాసు నిలబడింది."

"ఏడు ఊళ్లలోనా!" అంది మొసిడి. "ఏం చెప్పావు వాళ్లకి?"

"ఆ కాగితం తప్పని చెప్పాను."

"అలా అంటే నమ్మేశారా? అది పై ఆఫీసు కాగితం కదా!"

బస్సు వచ్చి ఆగింది. ముసలాయన సంచి భుజాన వేసుకుని, రెండు మోకాళ్లూ పట్టుకుని మెల్లగా లేచాడు.

"నమ్మక ఏం చేస్తారు తల్లీ," అన్నాడు మెట్టెక్కుతూ. "దాని కింద సంతకం నాదే."