గోలు ముందరి గొయ్యి

ఆ కుంటాయన మూడు శనివారాలుగా మైదానం గోడ అవతల నిలబడి ఆట చూస్తున్నాడు.

ఆట అనడం కూడా తప్పు. అతని చూపంతా బాఫూర్ కాళ్ల మీదే.

కోచ్ అడాడే ఆ సంగతి మొదటి రోజే కనిపెట్టాడు. అడాడేకి పూట తిండి లేకపోయినా గడుస్తుంది గాని, అనుమానం లేకపోతే గడవదు.

బాఫూర్ అతని చెల్లెలి కొడుకు. పంతొమ్మిదేళ్లు. టెచిమాన్ ఊరి చుట్టుపక్కల గోలు మీదికి అంత వేగంగా దూసుకెళ్లే ఫార్వర్డ్ ఇంకొకడు లేడు. ఇవాళ మూడింటికి వాడి ఆట చూడ్డానికి బెల్జియం క్లబ్బు నుంచి మార్టెన్స్ అనే మనిషి వస్తున్నాడు. నచ్చితే తీసుకెళ్తాడు. తను పంపిన వీడియో చూసే వాళ్లు కదిలారని అడాడే కనబడ్డవాడికల్లా చెప్పాడు.

ఇలాంటి రోజున ఎదుటి జట్టు ఊరుకుంటుందా?

పోయినేడు గోలు దగ్గర మంత్రించిన కోడిగుడ్లు పాతిపెట్టారు. ఆ రోజు తన జట్టు నాలుగు గోల్స్ తింది. అప్పటినుంచీ అడాడే ఎవర్నీ గేటులోంచి రానివ్వడు. గేటుకి ఏదైనా చేసి ఉంటారని అందర్నీ గోడ దూకిస్తాడు.

ఆ ఉదయం తనూ దూకాడు, యాభై ఏళ్ల వయసులో, ప్యాంటు చింపుకుని మరీ.

దూకి చూస్తే, అవతలి గోలు ముందు కుంటాయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పార, ఇసుక సంచి. నీళ్లు పోసి నేలని అరచేత్తో తడుతున్నాడు. ఏదో గొణుక్కుంటున్నాడు కూడా.

"ఏం పాతుతున్నావు పెద్దాయనా?"

"పాతడం కాదు నాయనా, పూడుస్తున్నా. ఇక్కడో గొయ్యి ఉంది. ఎన్నిసార్లు పూడ్చినా వానలకి మళ్లీ కుంగుతుంది. పైన గడ్డి కప్పేసిందంతే."

"గడ్డి కింద గొయ్యి ఉన్నట్టు నీకెలా తెలుసు?"

"తెలుసు."

"మరి ఆ గొణుగుడేంటి?"

"ఎన్ని బకెట్లు పోశానో లెక్క పెట్టుకుంటున్నా."

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. మీ మేనల్లుడి కోసమే వచ్చా. మిగతాది ఆట అయ్యాక చెప్తాను."

మేనల్లుడి మాట ఎత్తేసరికి అడాడేకి ఒళ్లు మండింది.

"వాడు నా మేనల్లుడని నీకెవరు చెప్పారు?"

వెనకే గోడ దూకిన గోల్‌కీపర్ తావియా అందుకున్నాడు.

"ఆట అయ్యాక చెప్తాడంట కోచ్. ఆపాటికి చెయ్యాల్సింది చేసేసి ఉంటాడుగా."

ఇద్దరూ కలిసి ముసలాయన్ని గేటు దాకా ఈడ్చుకెళ్లారు. పేరేమిటని మాత్రం అడగలేదు.

"ఇసుక ఇంకా దిగలేదు నాయనా. తొక్కి గట్టి చెయ్యనివ్వండి, పోతాను."

"మళ్లీ లోపల అడుగు పెట్టావంటే ఆ రెండో కాలు కూడా కుంటిదవుతుంది," అన్నాడు అడాడే.

ముసలాయన పార కూడా తీసుకోకుండా కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

పూడ్చినదంతా తవ్వారు. మోకాలి లోతున తెల్లటి ఈక ఒకటి బయటపడింది. ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కేశారు. ముసలాయన కోళ్ల బజారు వెనక నుంచి తెచ్చిన ఇసుకలో ఈక ఉండక మరేం ఉంటుందని ఇద్దరికీ తోచలేదు.

ఇసుకంతా గోడ అవతల పారబోశారు. విరుగుడుగా తావియా చెయ్యాల్సింది చేశాడు. అదేమిటో రాస్తే బాగుండదు.

"వేరే మట్టి పోసి తొక్కుదామా కోచ్?"

"మందు తీసిన చోట కాలు పెడతావా? నాలుగు పుల్లలడ్డం పెట్టి, పైన కాస్త మట్టి చల్లి గడ్డి పరిచెయ్. బాఫూర్‌కి చెప్పకు, భయపడతాడు."

మూడింటికి ఆట మొదలైంది. మొదటి సగంలో ఆ గోలు కాసింది తావియానే. అటు అడుగు వెయ్యలేక పక్కకి పక్కకి జరిగి రెండు గోల్స్ ఇచ్చాడు.

రెండో సగంలో బాఫూర్ విజృంభించాడు. ఒకటి కొట్టాడు. ఇంకొకటి కొట్టాడు. కుర్చీలో కూర్చున్న మార్టెన్స్ లేచి నిలబడిపోయాడు. అడాడే కళ్లు తడిశాయి. చెల్లెలికి ఈ కబురు ముందుగా తనే చెప్పాలనుకున్నాడు.

ఆట ముగియడానికి పది నిమిషాలుంది. బాఫూర్ ఇద్దరిని దాటాడు. అవతలి గోల్‌కీపర్ కింద పడ్డాడు. ఎదురుగా ఖాళీ గోలు.

కుడికాలు గడ్డిలోకి దిగిపోయింది.

ఎముక విరిగిన చప్పుడు కుర్చీల దాకా వినబడింది.

"చూశారా, ముసలాడు చేసేశాడు," అన్నాడు అడాడే, పరుగెడుతూనే.

బాఫూర్‌ని తలుపు చెక్క మీద మోసుకెళ్లారు. వాడు మేనమామ చెయ్యి వదల్లేదు. "మామయ్యా, నేనింక ఆడతానా?" అని అడుగుతూనే ఉన్నాడు.

వాణ్ణి ఎక్కించిన బండి ఆస్పత్రికి కదిలాక అడాడే మైదానం వైపు తిరిగాడు. మార్టెన్స్ గోలు ముందు నిలబడి గొయ్యిలోకి చూస్తున్నాడు.

"ఒక్రా ఎక్కడ?" అన్నాడు. "పొద్దున్నే వచ్చి ఇది తనే పూడుస్తానని చెప్పాడే."

"ఏ ఒక్రా అయ్యా? నేనీ ఊరొచ్చి ఎనిమిదేళ్లే. మీరు నా వీడియో చూసి కదా వచ్చారు?"

"మాకే వీడియో అందలేదు. మీ కుర్రాడి గురించి రాసింది ఒక్రా. నాకు నచ్చేదాకా వాళ్లకి ఆశ పెట్టొద్దన్నాడు."

అడాడే గొయ్యి వైపు చూశాడు.

"కుంటుతాడా ఆయన?"

"తొమ్మిదేళ్లు మా క్లబ్బుకి ఫార్వర్డ్‌గా ఆడాడు. అప్పుడు కుంటేవాడు కాదు," అన్నాడు మార్టెన్స్. "సెలవులకి ఊరొచ్చి, మీ మైదానంలో సరదాగా ఒక్క ఆట ఆడాడు, ఈ గొయ్యిలోనే ఆయన కాలు విరిగింది."