గుమ్మం దగ్గరి ఆకు

“ఆ ఆకు ఎవరిది?” గుమ్మం పక్కన పరిచిన అడ్డాకును చూపించి అడిగింది ఇంగ్రిడ్.

“మా మావదమ్మా. ఇయ్యాల మామిడి కొత్త పండగ గదా. పోయినోళ్లకి పెట్టాకే మనం తినాల,” కత్తిపీట మీద కొత్త కాయలు కోస్తూ అంది సోములమ్మ. “ఏటేటా సెప్పినా మీ దొరగారు ఇనరు. పూజ అవ్వకుండానే ముక్కకి సెయ్యి సాపుతారు. సేతి మీద ఒక్కటేస్తే గానీ ఆగరు.”

ఇంగ్రిడ్ నవ్వలేదు. రిటైరయ్యాక మొగుడితో కలిసి జర్మనీ నుంచి అరకు వచ్చి, సోములమ్మ ఇంట్లోనే అద్దెకుంటోంది. ఇన్సూరెన్స్ అక్కడే చెల్లుతుందనీ, చిన్న ఆపరేషనే కదా అనీ, ఆ మధ్య అతనొక్కడే వాళ్ల దేశం వెళ్లాడు.

“దొరగారికో ఆకు పక్కనెట్టాను. ఎప్పుడొత్తారు?”

ఇంగ్రిడ్ ఆ ఆకు తీసుకుంది. గుమ్మం దగ్గరికెళ్లి, మావ ఆకు పక్కనే పరిచింది.

సోములమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఎప్పుడమ్మా?”

“పోయిన సంత రోజు. పొద్దున్నే ఫోన్ వచ్చింది.”

“ఆ రోజు నాతో సంతకొచ్చావు! ఆయనకిట్టమని రాజ్మా కొన్నావు! మరి నాకు సెప్పలేదేటి?”

“చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే అది నిజమైపోతుంది.”

సోములమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి లేచి, కోసినవాటిలో పెద్ద ముక్క ఏరి, ఆ ఆకులో పెట్టింది.

“తినండి దొరగారూ,” అంది. “ఈ ఏడు సెయ్యి మీద కొట్టన్లెండి.”