చేపలాయన

వ్యాను షెడ్డు ముందు ఆగేసరికి ఆ దీపం మళ్ళీ మొహం చాటేసింది.

"దారంతా వెలుగుతూనే ఉంది బాబూ. నీ షెడ్డు కనపడగానే ఆరిపోయింది" అన్నాడు చేపలాయన, స్టీరింగు వెనకున్న గాజు మీద వేలు పెట్టి.

"నన్ను చూస్తే దానికి భయం పెద్దాయనా" అన్నాడు మెకానిక్.

చేపలాయన అన్నది మెకానిక్ పెట్టిన పేరే. పాత వ్యాను, దాని వెనక తలుపు కింద నుంచి ఎప్పుడూ కారే ఐసు నీళ్ళు. ఇంకేం అడగాలి? పేరు కుదిరిపోయింది. ఆయనా కాదనలేదు.

మెకానిక్ భార్య మాత్రం క్యారేజీ తెచ్చినప్పుడల్లా, ఈయన చేపలకి వాసనే రాదేమిటని ఆశ్చర్యపోయేది. అంత ఐసులో వాసన కూడా గడ్డకట్టుకుపోయి ఉంటుందని మెకానిక్ నవ్వేవాడు.

దీపం సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఇంజను బొమ్మ ఉన్న ఆ పసుపు దీపం వెలిగిందంటే బండి లాగడం మానేస్తుంది. కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది, బండి ఏమీ ఎరగనట్టు పరుగెడుతుంది. వచ్చినప్పుడల్లా మెకానిక్ స్కానర్ తగిలించి, అది చూపించిన లోపాన్ని చెరిపేసి, ఇక ఫరవాలేదని పంపేసేవాడు. ఒకసారి సెన్సరు కూడా మార్చాడు. దీపం ఖాతరు చేయలేదు.

ఈసారి చేపలాయన కదల్లేదు. మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా పోయినా సరే, దారి మధ్యలో మాత్రం ఆగకూడదు బాబూ. అవతల ఎదురుచూస్తుంటారు."

సరేనని మెకానిక్ ఆయన పక్కన ఎక్కి, గుంతల రోడ్డు మీదికి పోనివ్వమన్నాడు. గుంతలో పడ్డప్పుడల్లా దీపం కన్నుగీటింది. అప్పటికి గానీ మెకానిక్ బుర్రకు తట్టలేదు. వెనక్కి వచ్చి, సీటు ఊడదీసి, కింద రబ్బరు పట్టా ఎత్తాడు.

నేల మీదుగా ఇంజనుకు పోయే తీగల కట్ట తడిసి ముద్దయింది. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుము పట్టి, గోటితో తాకగానే పొడిపొడిగా రాలింది. కుదుపుకి తీగ విడిపోతుంది, కుదుపు ఆగితే కలుస్తుంది. షెడ్డులో కదలకుండా నిలబడ్డ బండిలో అది దొరకమంటే ఎలా దొరుకుతుంది?

దొరికిందన్న సంతోషం కన్నా మెకానిక్‌కి కోపమే ఎక్కువ వచ్చింది. నాలుగు చేపల కోసం బండిని ఉప్పునీళ్ళలో నానబెడుతున్నారని, ఐసు తగ్గించమని, దాని మీద ఉప్పు చల్లడం మానమని అందరి ముందూ చెడామడా దులిపేశాడు.

చేపలాయన తల వంచుకుని విన్నాడు.

"ఐసు తగ్గించలేను బాబూ" అని మాత్రం అన్నాడు.

చిలుము తొడుగు లోపలే పాకుతుందని, కనపడ్డ చోట కోస్తే చాలదని, కట్ట మొత్తం మార్చాలంటే బండి రెండు రోజులు వదలాల్సిందేనని చెప్పాడు మెకానిక్. చేపలాయన కుదరదన్నాడు. సాయంత్రానికల్లా బయల్దేరకపోతే చాలా తప్పవుతుందన్నాడు.

ఇంత చెప్పినా వినకపోయేసరికి మెకానిక్‌కి ఒళ్ళు మండింది. కుళ్ళిన ముక్క కోసి, అతుకు వేసి, టేపు చుట్టేశాడు. అది ఎంతోదూరం నిలవదని అతనికి తెలుసు. ఎక్కడో ఆగితే బుద్ధొచ్చి ఆయనే తిరిగొస్తాడనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. అద్దం మీద ఈ షెడ్డు నంబరున్న వ్యాను ఒకటి రోడ్డు మీద ఆగిపోయిందట, త్వరగా రమ్మన్నాడు. మెకానిక్ సామాను సంచి తీసుకుని బైకు మీద బయల్దేరాడు.

వెళ్ళేసరికి వ్యాను ఒక పాత గోదాము గోడ నీడలో ఉంది. ఎండకి ఐసు కరిగిపోతుందని ముసలాయన ఒక్కడే దాన్ని అక్కడిదాకా తోశాడు. తోసి, వెనక చక్రం దగ్గరే కూలిపోయాడు. కానిస్టేబుల్ చూసేసరికే ప్రాణం లేదు.

"చేపల కోసం చచ్చిపోతారా పెద్దాయనా" అంటూ మెకానిక్ ఆయన పక్కన కూలబడి ఏడ్చాడు.

కానిస్టేబుల్ అతన్ని వింతగా చూసి, వ్యాను వెనక తలుపు తెరిచాడు.

ఐసు దిమ్మెల మధ్య ఒక అమ్మాయి పడుకుని ఉంది. తెల్ల దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది. జుట్టు ఎవరో శుభ్రంగా దువ్వారు.

ఇంతలో పెద్దాయన జేబులో ఫోన్ మోగింది. మెకానిక్ తీశాడు.

"అయ్యా, ఎందాకా వచ్చారు? పిల్లని చూడాలని వాళ్ళమ్మ గుమ్మంలోనే కూర్చుంది" అంది అవతల ఒక మగ గొంతు.

అది అమ్మాయి తండ్రి గొంతు. ఆ తండ్రి చెప్పుకుపోతూనే ఉన్నాడు. పనికని వెళ్ళిన చోట పిల్ల జబ్బుచేసి పోయిందట. తెచ్చుకునే దారి లేక ఆశ వదులుకున్నారట. అలా పరాయి చోట పోయినవాళ్ళని ఏమీ తీసుకోకుండా ఇంటికి చేర్చే మనిషి ఒకాయన ఉన్నాడని ఆసుపత్రిలో ఎవరో చెప్పారట.

పెద్దాయన ఇక రాలేరని, అమ్మాయిని తనే తీసుకొస్తానని మెకానిక్ ఎలాగో చెప్పాడు. ఆయన ఇల్లెక్కడో తెలుసా అని అడిగాడు.

"మాకెలా తెలుస్తుంది బాబూ? మా ఇల్లెక్కడో ఆయనే అడిగారు గానీ" అన్నాడు తండ్రి.

మెకానిక్ ఒక కొత్త తీగ బయట నుంచే లాగి ఇంజనుకు కలిపాడు. బండి స్టార్టయింది, దీపం ఆరిపోయింది. నిన్న ఈ మాత్రం చేసి ఉంటే సరిపోయేది.

"మీ దగ్గరికి వస్తూపోతూ ఉండేవారు కదా. ఈయన్ని ఎవరికి అప్పజెప్పాలి?" అని అడిగాడు కానిస్టేబుల్.

ఎందరినో వాళ్ళ వాళ్ళ గుమ్మాల దాకా చేర్చిన ఆ మనిషిది ఏ గుమ్మమో, అన్నాళ్ళూ పేరైనా అడగని మెకానిక్ చెప్పలేకపోయాడు.